22 గజాల ప్లాట్

అమెరికాలో నాకు ప్లాట్ దొరికిందని ఫోన్‌లో చెప్పగానే మా అమ్మ అడిగిన మొదటి మాట, "ఎన్ని గజాలే?" 10 అడుగుల వెడల్పు, 20 అడుగుల పొడవు. లెక్కేస్తే 22 గజాలు. "రిజిస్ట్రేషన్ నీ పేరు మీదా, అల్లుడి పేరు మీదా?" అన్నది రెండో మాట. అది కొన్న స్థలం కాదమ్మా, కూరగాయలు పండించుకోమని ఇచ్చే మడి, ఏడాదికి 40 డాలర్లు కట్టాలి అని చెప్పేసరికి ఆవిడ హుషారంతా దిగిపోయింది. "ఆ డబ్బులకి కూరగాయలే కొనుక్కోవచ్చుగా" అంది.

కొనుక్కోవచ్చు. అసలు నేను అక్కడికి వెళ్లింది కూరగాయల కోసం కాదు, ఇంట్లో కూర్చోలేక. మా ఆయనది హెచ్‌1బి, అంటే ఉద్యోగ వీసా. నాది హెచ్‌4, ఆయన భార్యగా వచ్చిన వీసా. పెళ్లికి ముందు ఆరేళ్లు సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేశాను. 2015 నుంచి హెచ్‌4 వాళ్లలో కొందరికి వర్క్ పర్మిట్ ఇస్తున్నారు గానీ, మామూలుగా దానికి భర్త గ్రీన్‌కార్డు కోసం కంపెనీ వేసే ఐ-140 అప్రూవ్ అయి ఉండాలి. మాది అప్పటికి ఫైల్ కూడా కాలేదు. ఉన్న ఒక్క కారూ ఆయన ఆఫీసుకి. పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం ఆరు దాకా నాకు దిక్కు ఆ అపార్ట్‌మెంట్ గోడలే.

మేముండేది అట్లాంటాకి తూర్పున, డికాల్బ్ కౌంటీలో. పక్కనే క్లార్క్‌స్టన్ అనే చిన్న ఊరు. అపార్ట్‌మెంట్లు బోలెడు ఉండటం, అద్దెలు అందుబాటులో ఉండటం, మార్టా బస్సులు తిరగడం వల్ల దశాబ్దాలుగా శరణార్థుల్ని తెచ్చి అక్కడ స్థిరపరుస్తూ వచ్చారు. వియత్నాం వాళ్లు, బోస్నియా వాళ్లు, సోమాలీలు, తర్వాత భూటాన్, బర్మా, కాంగో, సిరియా, అఫ్గానిస్తాన్ వాళ్లు. మా ఇంటి నుంచి ఇరవై నిమిషాలు నడిస్తే ఒక చర్చి, దాని వెనకాల జింకలు రాకుండా ఎత్తైన కంచె, లోపల 46 మడులు. నేను మొదటిసారి చూసినప్పుడు ఒక ముసలావిడ కంచె అవతల గొంతుక్కూర్చుని మట్టి గుల్ల చేస్తోంది. ఆ కూర్చోవడం చూసి ఆగిపోయాను. అమెరికాలో అలా కూర్చునే మనిషి నాకు అప్పటిదాకా కనబడలేదు.

అప్లికేషన్ రెండు పేజీలు. ఏ దేశం నుంచి వచ్చారు, ఇంట్లో ఎంతమంది, కారుందా, ఇంట్లో ఏ భాష. మొదటి ప్రాధాన్యం శరణార్థి కుటుంబాలకి, తర్వాత మాలాంటి వలస వచ్చినవాళ్లకి. చివరి ప్రశ్న దగ్గర నా పెన్ను ఆగింది: "ఇంతకుముందు వ్యవసాయం చేశారా? ఎన్నేళ్లు?" సున్నా అని రాశాను. కింద ఖాళీ ఉంటే, వలంటీర్‌గా ఇంగ్లీష్ నేర్పగలను, కంప్యూటర్ పనులు చేసిపెట్టగలను అని కూడా చేర్చాను. పాపం వాళ్లకి ఉపయోగపడదామని. ఆ వాక్యం తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.

ఐదు నెలలు వెయిటింగ్ లిస్టులో ఉన్నాక, 2024 ఫిబ్రవరిలో పిలుపొచ్చింది. శనివారం ఓరియెంటేషన్. కోఆర్డినేటర్ ఇంగ్లీష్‌లో ఒక వాక్యం చెబితే అది నేపాలీ, బర్మీస్, కరెన్, స్వాహిలీ, అరబిక్ అని ఐదు నోళ్లలో తిరిగి రావాలి. "రసాయన మందులు కొట్టకూడదు" అన్న ఒక్క ముక్కకి పది నిమిషాలు పట్టింది, ఎందుకంటే స్వాహిలీ దాకా వచ్చేసరికి ఎవరో బూడిద చల్లొచ్చా అని అడిగారు, దాని జవాబు మళ్లీ ఐదు భాషలు తిరిగింది. 1894లో డెట్రాయిట్ మేయర్ హేజెన్ పింగ్రీ పని పోయినవాళ్లకి, అందులో వలస వచ్చినవాళ్లే చాలామంది, ఖాళీ స్థలాల్లో బంగాళాదుంపలు వేసుకోనిచ్చాడని కోఆర్డినేటర్ చెప్పింది. శాన్ డియాగోలో సోమాలీ బంటూలు భూమి కోసం పట్టుబట్టి సాధించుకున్న న్యూ రూట్స్ తోట గురించీ, 2010లో మిషెల్ ఒబామా దాన్ని చూడ్డానికి రావడం గురించీ చెప్పింది. నాకు బాగానే ఉంది. గొంతుక్కూర్చున్న ముసలావిడ మాత్రం అప్పటికి హాయిగా కునుకు తీస్తోంది.

రూల్స్‌లో మూడు గుర్తున్నాయి. నెలకి నాలుగు గంటలు అందరి పనికి రావాలి, అంటే కంపోస్టు తిరగేయడం, దారుల్లో చెక్కపొట్టు పరచడం లాంటివి. పక్కవాళ్ల మడిలో ఒక్క ఆకు కూడా తెంపకూడదు. మూడు వారాలు ఎవరూ ముట్టుకోకుండా కలుపు పట్టిన మడికి నోటీసు వస్తుంది, అప్పటికీ కదలకపోతే వెయిటింగ్ లిస్టులో తర్వాతి వాళ్లకి వెళ్లిపోతుంది.

అమ్ముకునే వాళ్లకి వేరే గ్రూపు, శనివారం ఫార్మర్స్ మార్కెట్‌లో ఒక టేబుల్. నేనూ చెయ్యెత్తాను. కోఆర్డినేటర్ మెల్లగా పక్కకి పిలిచి, నీకు వర్క్ పర్మిట్ ఉందా అని అడిగింది. శరణార్థిగా దిగినవాళ్లకి మొదటి రోజు నుంచే పని చేసుకునే హక్కు ఉంటుంది. ఏడాదికి గ్రీన్‌కార్డుకి అప్లై చేస్తారు, ఐదేళ్లకి పౌరసత్వానికి. నేనేమో ఒక కట్ట ఆకుకూర కూడా అమ్మకూడదు. ఆ రాత్రి మా ఆయనతో "వాళ్లే నయం" అనేశాను. ఆయనేమీ అనలేదు. అనుంటే బాగుండేది.

నా మడి నంబర్ 14. జార్జియా ఎర్రమట్టి, తడిస్తే జిగురు, ఎండితే ఇటుక. ఆరంగుళాల లోతున నాలుగైదు చోట్ల తవ్వి, కలిపి, రెండు కప్పుల మట్టి కౌంటీ ఎక్స్‌టెన్షన్ ఆఫీసుకి పంపిస్తే రిపోర్టు వచ్చింది: పీహెచ్ 5.4, సున్నం కలపమని. సీసం పరీక్ష గార్డెన్ వాళ్లే చేయించారు. పిల్లలు ఆడుకునే మట్టిలో సీసం విషయంలో ఇక్కడి పర్యావరణ సంస్థ ఆ ఏడాది జనవరిలోనే హద్దుని 400 పీపీఎం నుంచి 200కి తగ్గించింది. మాది దానికి చాలా కిందే ఉంది. నేను ఈ అంకెలన్నీ ఎక్సెల్ షీట్‌లో పెట్టాను. ఏ పంట ఏ వారం, ఎన్ని అంగుళాల దూరం, రంగులతో సహా. ఏ ప్రాంతం ఏ జోనో తోటపనివాళ్లకి చెప్పే మ్యాప్ ఒకటుంది, 2023లో వచ్చిన కొత్తదాన్లో మా ప్రాంతం 8ఎ జోన్, అంటే వెచ్చనిదే కదా అని, మార్చి 20న గోంగూర గింజలు వేసేశాను. ఆ వారం ఎండ కూడా బాగా కాసింది.

అటుపక్క 13వ మడి ఒక కరెన్ ఆవిడది. యాభై ఏళ్లుంటాయి. బర్మా నుంచి సరిహద్దు దాటి థాయ్‌లాండ్ క్యాంపులో ఉండి వచ్చింది. నేను సాలులో గింజలు వేస్తుంటే వచ్చి నిలబడింది. తర్వాత వంగి అరచెయ్యి నేల మీద ఆనించింది. నుదురు మీద చెయ్యి పెట్టి జ్వరం చూస్తామే, అలా. కాసేపు ఉంచి తల అడ్డంగా ఊపింది. నా చెయ్యి పట్టుకుని అదే చోట పెట్టింది. చల్లగా ఉంది. నేను ఫోన్ తీసి నా షీట్ చూపించాను. ఆవిడ మర్యాదగా చూసి వెళ్లిపోయింది.

ఒక్క గింజా మొలవలేదు. పది రోజుల తర్వాత తవ్వి చూస్తే ఉబ్బి, మెత్తబడి, వేళ్ల మధ్య నలిపితే పేస్టులా అయ్యాయి. ఆ జోన్ మ్యాప్ చెప్పేది చలికాలంలో ఉష్ణోగ్రత ఎంత కిందికి పడుతుందన్నది మాత్రమే, నేల ఎప్పుడు వేడెక్కుతుందన్నది కాదు. గోంగూర గింజకి నేల దాదాపు 20 డిగ్రీలన్నా ఉండాలి. మే మొదటి వారంలో ఆవిడ తన పెరుగు డబ్బాల్లో పెంచిన నారు తెచ్చి, పన్నెండు మొక్కలు నా మడిలో తనే పెట్టింది. జానెడు ఎదిగాక చివరి చిగురు గోటితో గిల్లి చూపించింది. నాకు ప్రాణం ఉసూరుమంది, ఎదుగుతున్న మొక్కని గిల్లేస్తోందే అని. వారానికి గిల్లిన చోట కింద రెండు పక్కలా కొమ్మలు వేశాయి.

ఇక ఇంకో తప్పు. ఇది రాయాలా వద్దా అని ఆలోచించాను.

22వ మడి కాంగో నుంచి వచ్చిన ఆవిడది. అందరూ "మామా" అంటారు, నేనూ అంతే. కోళ్ల ఫ్యాక్టరీలో నైట్ షిఫ్టు. వ్యానులో గంట పైగా ప్రయాణం, మధ్యాహ్నం లేచి గార్డెన్‌కి వచ్చేది. మే నెలలో ఒక ఆదివారం ఒక కంపెనీ నుంచి వలంటీర్లు పాతికమంది ఒకే రంగు టీషర్టుల్లో వచ్చారు. వాళ్లని నడిపించే పని నాకప్పగించారు. మామా మడి నిండా చిన్న చిన్న మొలకలు, సాలు లేదు, వరస లేదు. వలంటీర్లలో ఒకాయన, తోటపని బాగా తెలిసినవాడే, "ఇది పిగ్‌వీడ్, జార్జియాలో ఇంతకన్నా దరిద్రపు కలుపు లేదు" అన్నాడు. పాపం నైట్ షిఫ్టు చేసి వస్తుంది, శుభ్రం చేసిపెడితే సంతోషిస్తుంది అనుకున్నాం. నలభై నిమిషాల్లో మడి అద్దంలా చేశాం. నేనే రెండు బకెట్లు పీకి ఉంటాను. లేత వేళ్లు గులాబీ రంగులో ఉన్నాయి, అది చూసి కూడా నాకు వెలగలేదు.

అది తోటకూర. కాంగోలో లెంగా లెంగా అంటారు. ముందు ఏడాది మొక్కల్ని విత్తనానికి వదిలి, ఆ గింజల్ని దాచి, ఏప్రిల్‌లో చల్లుకుంది. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి తోటకూర తింటున్న దాన్ని, ఒకాయన ఇంగ్లీష్‌లో కలుపు అన్నాడని పీకేశాను.

మామా వచ్చి ఖాళీ మడి ముందు చాలాసేపు నిలబడింది. కంపోస్టు గుట్ట దగ్గరికి వెళ్లి, వాడిపోయిన మొలకల్లోంచి ఏరడం మొదలుపెట్టింది. నేనూ వెళ్లి ఏరాను. ఏరినవి నాటాం, నాలుగో ఐదో బతికాయి. కోఆర్డినేటర్ కొత్త ప్యాకెట్ కొనిస్తానంది. మామా తన కార్డుతోనే కొనుక్కుంది. తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకి తిండి కోసం ప్రభుత్వం ఇచ్చే ఫుడ్‌స్టాంపుల కార్డుతో తినే పంటల విత్తనాలు, నారు కొనుక్కోవచ్చని నాకు అప్పుడే తెలిసింది. 1973 నుంచీ ఆ వీలుందట. మట్టి, ఎరువు మాత్రం రావు. కానీ కొన్న విత్తనం ఆకు సన్నగా వచ్చింది, అది కాదు ఇది అన్నట్టు చూసేది. రెండు నెలలు నాతో మాట్లాడలేదు. తప్పు నాది, ఏమనగలను.

మళ్లీ మాట కలిపింది గోంగూర వల్ల. జులైలో మొక్కలు నడుం దాకా వచ్చాయి. ఒక సాయంత్రం మామా దారిలో ఆగి, ఒక ఆకు తాకి, "ఙాయ్ ఙాయ్" అంది. ఆవిడ స్వాహిలీ, లింగాలా రెండూ మాట్లాడుతుంది, లింగాలాలో గోంగూర పేరు అది. నేను తిరిగి "ఙాయ్ ఙాయ్" అన్నాను. ఆవిడ ఆశ్చర్యపోయింది, ఇక్కడివాళ్లెవరికీ ఆ శబ్దం పలకదు. ఒకటో తరగతిలో పలక మీద దిద్ది, మళ్లీ ఎక్కడా వాడని ఙ అక్షరం ముప్పై మూడేళ్ల వయసులో మొదటిసారి పనికొచ్చింది. 13వ మడి నుంచి కరెన్ ఆవిడ "చిన్‌బౌన్, చిన్‌బౌన్" అంటూ వచ్చింది. బర్మీస్‌లో చిన్ అంటే పులుపు. వాళ్లు దీన్ని రొయ్యలతో వేపుతారు, మామా చేపలతో వండుతుంది. మనం ఆంధ్రమాత అని బిరుదిచ్చుకున్నాం గానీ, మొక్క పుట్టిల్లు ఆఫ్రికా అంటారు. ఆ లెక్కన మామాదే అసలు హక్కు. ఆ రోజు ఆవిడ ఒక సంచి నిండా ఆకు కోసుకెళ్లింది. పక్క మడిలో తెంపకూడదన్న రూలు మా ముగ్గురి మధ్యా అప్పుడే పోయింది.

ఎండాకాలం నీళ్ల గొడవలు రాయను. 46 మడులకి రెండు కుళాయిలు, అంతే.

గొంతుక్కూర్చునే ముసలావిడ గురించి చెప్పాలి. భూటాన్ నుంచి 1990ల మొదట్లో వెళ్లగొట్టిన నేపాలీ మాట్లాడే వాళ్లలో ఒకరు. తూర్పు నేపాల్‌లో బెల్దంగీ క్యాంపులో పద్దెనిమిదేళ్లు వెదురు గుడిసెలో ఉండి, కొడుకు కుటుంబంతో ఇక్కడికి వచ్చింది. నేను "ఆమా" అనేదాన్ని, ఆవిడ నన్ను "నానీ" అనేది. నేపాలీలో పిల్లా అని. మనకేమో అది మగపిల్లాడి ముద్దుపేరు, వినడానికి నవ్వొచ్చేది. ఆవిడకి హిందీ కొంత వచ్చు, నాకూ అంతంతే, ఆ వచ్చీరాని హిందీలోనే మా కబుర్లు. గుమ్మడి తీగ లేత కొసలు కోసి, పీచు తీసి వండుకోవచ్చని నేర్పింది. పీచు తీయడం ఇలా కాదు అని నా చేతిలోంచి లాక్కునేది.

సెప్టెంబర్‌లో ఒకరోజు, డిసెంబర్‌లో ఇండియా వెళ్తున్నాం, నెల రోజులు నీళ్లు చూసుకుంటావా అని ఆవిడని అడిగాను.

"అక్కడ ఇల్లుందా?"

"ఉంది ఆమా."

"మీదేనా?"

"మా అమ్మానాన్నలది."

చిక్కుడు కాయలు ఒలుస్తూ కాసేపు ఊరుకుంది. "మా ఇంటికి నేనే తాళం వేసి వచ్చాను" అంది. "తాళంచెవి క్యాంపు దాకా తెచ్చాను. మొదటిసారి గుడిసెలు కాలినప్పుడు పోయింది." ఒలిచిన గింజలు నా దోసిట్లో పోసి, "డిసెంబర్‌లో నీళ్లెందుకు, మంచు పడ్డాక ఏముంటుంది ఇక్కడ" అని లేచింది. ఫిబ్రవరిలో మా ఆయనతో అన్న మాట గుర్తొచ్చింది. ఇంటికెళ్లి ఆయనకి ఇది చెప్పాలనుకున్నాను, చెప్పలేకపోయాను.

ఆ నెలాఖర్లో హెలీన్ తుపాను వచ్చింది. అట్లాంటాలో 48 గంటల్లో 11 అంగుళాలకు పైగా కురిసింది, అన్నేళ్ల రికార్డుల్లో అంత ఎప్పుడూ లేదన్నారు. గార్డెన్ కింది వరస మునిగింది. వరద నీళ్లు తగిలిన ఆకుకూరలు తినొద్దని చెప్పారు, మురుగు కలిసి ఉంటుందని. కరెన్ ఆవిడ తన మడి మొత్తం కోసి కంపోస్టులో వేసింది, మొహంలో ఏమీ లేదు. నాది ఒక మెట్టు పైన, మొక్కలు ఒరిగాయంతే. పాత చీర అంచు చింపి కర్రలకి కట్టాను. పగటి పొద్దు తగ్గేకొద్దీ గోంగూర పూతకొస్తుంది. నా మొక్కలు అక్టోబర్‌లో పూశాయి. గింజ ముదరకముందే మంచు పడి, ఒక్క రాత్రిలో ఉడకబెట్టినట్టు నల్లగా వేలాడాయి.

డిసెంబర్‌లో వచ్చే ఏడాదికి మడులు రాసుకునే రోజు, మామా పొద్దున్నే వచ్చి లైన్లో మొదట నిలబడింది. నా పక్కన 15వ మడి ఖాళీ అవుతోంది. అది తన అక్కకి కావాలంది. టాంజానియాలో న్యరుగుసు క్యాంపులో ఉన్న అక్క, బావ, నలుగురు పిల్లలు. ఇంటర్వ్యూలు, మెడికల్ అన్నీ అయ్యాయి, ఫిబ్రవరి మొదటి వారంలో ఫ్లైట్. ఆ ఏడాది లక్షమందికి పైగా శరణార్థుల్ని దేశంలోకి తీసుకున్నారు, ముప్పై ఏళ్లలో అంతమందిని తీసుకోలేదు, కాబట్టి ఎవరికీ అనుమానం లేదు. మామా 40 డాలర్లు కట్టి, చెక్క మేకు మీద అక్క పేరు మార్కర్‌తో రాసి పాతింది. "వచ్చిన రోజే చూపిస్తాను" అంది.

2025 జనవరి 20న శరణార్థుల రాకని ఆపుతూ కొత్త ప్రెసిడెంట్ ట్రంప్ సంతకం పెట్టారు. బుక్కయిన ఫ్లైట్లు రద్దయ్యాయి. నేను ఇండియా నుంచి తిరిగొచ్చింది ఆ వారమే. ఇమిగ్రేషన్ లైన్లో నా పాస్‌పోర్టు మీద స్టాంపు పడటానికి రెండు నిమిషాలు పట్టింది.

మార్చిలో కోఆర్డినేటర్ 15వ మడి ముందు నిలబడి కనిపించింది. వెయిటింగ్ లిస్టులో చాలా కుటుంబాలున్నాయి, వాళ్లూ ఇక్కడికి వచ్చేసి ఎదురు చూస్తున్నవాళ్లే. ఆవిడ బాధా నిజమే. రూలు మాత్రం రూలే, మూడు వారాలు ముట్టుకోకపోతే నోటీసు. మడి ఎవరి పేరు మీదున్నా ఎవరు పని చేయాలన్నది రూల్స్‌లో లేదు. ఈ సంగతి కనిపెట్టింది నేనే, ఆరేళ్ల టెస్టింగ్ ఉద్యోగం ఊరికే పోలేదు. ఆమా, కరెన్ ఆవిడ, మామా, నేను వంతులేసుకున్నాం. మామా అక్కడ లెంగా లెంగా చల్లింది, మేం పీకగా బతికిన ఆ నాలుగైదు మొక్కల గింజలవి.

ఈ శనివారం వంతు నాది. మొలకలు రెండేసి ఆకులు వేశాయి. వాటి జోలికి పోకుండా చుట్టూ ఉన్న గడ్డి పీకాలి. సందేహం వస్తే వేరు రంగు చూడాలి, లేదా మామా నిద్రలేచేదాకా ఆగాలి.